జోడు అడ్డు

పొడుగోడి చేతులు పడిపోను, బంగారం లాంటి గుర్రాన్ని పాడుచేశాడు. లాయం తలుపు తీసేటప్పుడు ఒకసారి, మూసేటప్పుడు ఒకసారి మేస్త్రి ఆ మాట అనుకునేవాడు. వినేవాళ్ళు లేకపోయినా పైకే అనేవాడు.

గుర్రాలకు అడ్డుకర్రల మీదుగా దూకడం నేర్పేవాడు కాబట్టి అతన్ని అందరూ మేస్త్రి అంటారు. పొడుగోడు స్వయానా అతని బావమరిది. ఇంట్లో బూజు దులపడానికి నిచ్చెన అక్కర్లేదని వాళ్ళక్క మురిసిపోయేంత మనిషి. ఐదో ఏడు నడుస్తున్న మబ్బు అనే బూడిదరంగు ఆడగుర్రాన్ని బావా బావమరుదులిద్దరూ చెరి సగం పెట్టుకుని కొన్నారు.

చలి ఇంకా మొదలవకముందు దాన్ని చూడటానికి బేరగాడొకడు వచ్చాడు. మేస్త్రి అడ్డులు పెట్టాడు, పొడుగోడు ఎక్కాడు. ఒకదాని వెనక ఒకటిగా పెట్టే జోడు అడ్డులో మొదటిది మబ్బు గాలిలా దాటింది. రెండోదాని మీదికి మరీ దగ్గరగా వచ్చిపడి, రొమ్ముతో కర్రల్ని గుద్దుకుని కూలబడింది. పొడుగోడి మెడ కింద ఎముక విరిగింది. గుర్రానికి మోకాలు గీసుకుపోయిందంతే. కానీ ఆ రోజు నుంచి నేలమీద కర్ర కనబడితే చాలు, దానికి ముచ్చెమటలు పట్టేవి. బేరగాడు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

దాన్ని అదిలించి అదిలించి అడ్డు మీదికి తోలావని నలుగురిలో మేస్త్రి బావమరిదిని కడిగేశాడు. పొడుగోడు భుజం పట్టుకుని నేల చూపులు చూశాడే తప్ప నోరు విప్పలేదు. తప్పు చేసినవాడికి నోరెలా లేస్తుందనుకున్నాడు మేస్త్రి. నీ వాటా కింద నా కాలవ పక్క నేల రాసిస్తాను, ఇక దీనిమీద చెయ్యి వేశావంటే ఊరుకోనన్నాడు. నాలుగు రోజుల్లో కాగితాలు రాయించి మొహాన కొట్టాడు. తొందరపడొద్దని భార్య రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు. విరిగిన ఎముకకు కట్టుతో ఉన్న తమ్ముణ్ణి చూసుకోవాలని సంచి సర్దుకుని వెళ్ళింది. ఎముక అతుక్కున్నా తిరిగి రాలేదు.

ఇక మిగిలింది మేస్త్రి, మబ్బు. చలికాలం పోయేలోగా దూకిందా, అది గుర్రం. లేదా, కాలవ పక్క నేల మేసిన గాడిద.

మొదటి పదిరోజులూ నేలమీద ఒక్క కర్ర పడేసి, దాని అవతల దాణా పోసి పక్కన నిలబడేవాడు. మబ్బు బుసకొట్టేది, చెవులు వెనక్కి విరిచేది. చివరికి అతనే కర్రమీద కూర్చుని రొట్టె తిన్నాడు. మనిషిని కరవని కర్ర తననూ కరవదనుకుందేమో, వాసన చూసి మెల్లిగా దాటింది. తర్వాత జానెడెత్తు. తర్వాత మోకాలెత్తు. పైన బరువు లేకుండా గోడవారగా వదిలిపెట్టి దూకించాడు. చలి ఎముకలు కొరికే రోజులొచ్చేసరికి ఒంటి అడ్డు నడుమెత్తుకు లేపినా చెవులు రిక్కించుకుని దాటేది.

ఇంట్లో ఒకపూట వండి రెండుపూటలా తినేవాడు. రెండో పళ్ళెం కడగాల్సిన పని లేకపోయింది. ఆదివారం ఆదివారం భార్య ఫోన్ చేసి, మాత్రలు వేసుకున్నారా, కాలికి నూనె రాస్తున్నారా అని రెండు ముక్కలు అడిగేది. ఎప్పుడొస్తావని అడగాలని ఉండేది. సూదీ దారం ఎక్కడ పెట్టావని అడిగి పెట్టేసేవాడు. ఇన్ని నెలలుగా అతనితో గట్టిగా మాట్లాడింది మబ్బు ఒక్కతే, అదీ దాణా ఆలస్యమైనప్పుడు.

జోడు అడ్డు దగ్గరే చిక్కంతా. మొదటిది దాటేది, రెండోదాని ముందు నాలుగుకాళ్ళూ బిగబట్టి ఆగిపోయేది. పదకొండు రోజులు అదే తంతు. రోజూ కర్రలు విప్పి, రోజూ కొత్తగా కొలిచి పెట్టేవాడు. కొలతంటే అతని అంగలే. గుర్రం దిగేందుకు రెండు, మధ్యలో నేలమీద ఒక్క ఊపు పరుగు వేసేందుకు నాలుగు, మళ్ళీ లేచేందుకు రెండు. మొత్తం ఎనిమిది అంగలు, ఇరవై నాలుగు అడుగులు. లెక్కలు రాక ఆరో తరగతిలో బడి మానేసినవాడికి ఈ ఒక్క లెక్కలో తిరుగులేదు. ఇరవై ఏళ్ళుగా ఆ లాయంలోకి టేపు రాలేదు. టేపు సాగుతుందేమో గానీ నా కాళ్ళు సాగవనేవాడు. రెండేళ్ళ కిందట ఎడమకాలు విరిగి, లోపల ఇనుపరేకు వేశారు. కాస్త కుంటు మిగిలింది. నడకకే గానీ పనికి కాదనుకున్నాడు.

పన్నెండో రోజు పొద్దున నేలంతా తెల్లగా మంచు పేరుకుంది. ఎప్పటిలాగే ఎనిమిది అంగలు వేసి, కర్ర ఎత్తడానికి వెనక్కి తిరిగాడు. మంచులో అచ్చుగుద్దినట్టు పాదాలు, వాటి మధ్య అంగలు. ఒకటి బారు, ఒకటి కురచ. ఒకటి బారు, ఒకటి కురచ. పరాయివాడి జాడ చూసినట్టు చూశాడు.

ఇంట్లోకి వెళ్ళి భార్య కుట్టుమిషను సొరుగులోంచి బట్టలు కొలిచే టేపు తెచ్చాడు. అది ఐదడుగులే ఉంటుంది. మోకాళ్ళమీద పాకుతూ నాలుగుసార్లు పరిచాడు. పైన రెండడుగులు మిగిలాయి. ఇరవై రెండు. మళ్ళీ కొలిచాడు. ఇరవై రెండే.

రెండో అడ్డును రెండడుగులు దూరం జరిపి మబ్బును వదిలాడు. మొదటిది దాటింది, మధ్యలో ఒక్క ఊపు, రెండోది కాలి గిట్ట కూడా తగలకుండా దాటింది. చివరిదాకా వెళ్ళి, ఎవరూ పిలవకుండానే తిరిగొచ్చి మళ్ళీ దూకింది. మేస్త్రి మంచులోనే చతికిలబడ్డాడు.

బేరగాడొచ్చిన రోజు జీనుమీద నుంచి వంగి పొడుగోడు, కొలత ఒకసారి చూడమంటావా బావా అని అడిగాడు. నీ తాటిచెట్టు కాళ్ళతో కొలిస్తే ఏనుగులే దూకాలిరా అన్నాడు తను. అందరూ నవ్వారు, పొడుగోడితో సహా.

ఆదివారం కాకపోయినా ఫోన్ చేశాడు. ఒంట్లో బాలేదా అని కంగారుపడింది భార్య. దూకిందని చెప్పి, ఫోన్ తమ్ముడికిమ్మన్నాడు.

"చెప్పు బావా."

"జోడు అడ్డు మధ్య ఇరవై రెండే వచ్చింది. ఆ రోజూ అంతే అయ్యుంటుంది."



"అంతే బావా. కిందపడి లేస్తూ చూశాను."

"నోట్లో ఏం పెట్టుక్కూర్చున్నావు మరి?"

"నలుగురి ముందు నీ కాలి సంగతి ఎత్తమంటావా?"

"తర్వాతైనా చెప్పొచ్చుగా."

"తర్వాత నువ్వు కాగితాలు మొహాన కొట్టావు. నాకు మాత్రం రోషం ఉండదా? నేలిప్పుడు లేదు బావా. పోయిన నెల అమ్మేశా." కాస్త ఆగి, "ఫోన్ అక్కకివ్వనా?" అన్నాడు.

"వద్దులే. మిషను సొరుగులో టేపు తీశాను, అక్కడే పెడతానని చెప్పు."

ఫోన్ పెట్టేసి టేపును చుట్ట చుట్టాడు. సొరుగులో పెట్టి మూశాడు. బయట మబ్బు దాణా కోసం తలుపు తన్నుతోంది. తిట్టుకోవడానికి ఇప్పుడు పొడుగోడు కూడా మిగల్లేదు. రెండంటే రెండడుగుల తేడాకి పోయింది కాలవ పక్క నేల, ఎకరా పన్నెండు సెంట్లు.