వదినకిచ్చిన డబ్బా తాడు

పెంపుడు జంతువుల సామాన్లు అమ్మే షాపులో చేరి అప్పటికి ఆరేళ్ళయింది. కుక్కల తిండి, పిల్లుల ఇసుక, చేపల తొట్లు అన్నీ అమ్మేవాణ్ణి గానీ, నా నోటికి అసలైన పని పడేది తాళ్ళూ మెడపట్టీలూ వేలాడే మూలలోనే. అందులోనూ డబ్బా తాడు దగ్గర. ప్లాస్టిక్ పిడి లోపల చుట్టలా ఉండి, కుక్క ముందుకు నడిచినకొద్దీ సాగి, వెనక్కి వస్తే సర్రున లోపలికి పోయే తాడు అది. పెట్టె మీద దాని పేరు ఇంకేదో ఉంటుంది. మా ఇంట్లో మాత్రం డబ్బా తాడే. ఐదు మీటర్లు లాగి, బొటనవేలితో బటన్ నొక్కి ఆపి, మళ్ళీ వదిలి సర్రుమనిపిస్తే, చేపల మేత కోసం వచ్చినవాడు కూడా ఆగి చూసేవాడు.

ఒక శనివారం మధ్యాహ్నం, రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన తను కొన్నదాన్ని తిరిగి తెచ్చాడు.

"బటన్ నొక్కి ఉంచినా అప్పుడప్పుడు జారిపోతోందయ్యా. మావాడు నలభై కిలోలు. వాడు రోడ్డు మీదికి ఉరికాడంటే వెనకాలే నేనూ ఈడ్చుకుపోవడమే," అన్నాడు.

మా యజమాని మారుమాట లేకుండా వేరేది ఇచ్చి పంపించాడు. పాతదాన్ని నా చేతిలో పెట్టి, "తాడు కోసేసి చెత్తలో పడెయ్. ఇది మళ్ళీ ఎవరి చేతికీ పోకూడదు," అన్నాడు.

నేను కోయలేదు. వెనక గోదాములో నిలబడి పదిసార్లు లాగి చూశాను. తొమ్మిదిసార్లు బ్రేకు గట్టిగానే పట్టింది. మధ్యలో ఒక్కసారి, బటన్ నొక్కి ఉండగానే, జర్రున జారింది. చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తోంది. మర్నాడు మా వదిన పుట్టినరోజు. నేనేమీ కొనలేదు. మర్చిపోయానని చెప్పడానికి మొహం చెల్లదు. తడిగుడ్డతో తుడిచి, ఖాళీ పెట్టె ఒకటి వెతికి అందులో పెట్టి, రంగు కాగితం చుట్టాను. అంతా కలిపి రెండు నిమిషాల పని.

వదిన మా ఇంటికి వచ్చేనాటికి నేను తొమ్మిదో తరగతి. నా మొదటి ఇంటర్వ్యూకి కోటు కుట్టింది ఆవిడే. ముందుగదిలో మిషను పెట్టుకుని కోట్లూ కర్టెన్లూ కుడుతుంది. ఆ వీధిలో ఎవరి నడుం కొలతైనా పుస్తకం తెరవకుండా చెప్పగలదు. నాలుగేళ్ళ కింద వానలో తడిసి గుమ్మంలోకి వచ్చిన కుక్కపిల్ల ఒకటి, గుడ్డముక్కల బుట్టలోకి దూరి అక్కడే నిద్రపోయింది. అందుకని దానికి పీలిక అని పేరు పెట్టింది. పీలిక ఇప్పుడు ఇరవై కిలోలుంటుంది. ఇంకా ఆ బుట్టలోనే ఇరుక్కుని పడుకుంటుంది.

పెట్టె విప్పి చూసి, "ఇప్పుడు నేను కుట్టిన పట్టీకి ఏమొచ్చిందయ్యా?" అంది వదిన.

"అది నిండా రెండు మీటర్లు కూడా లేదు కదొదినా. పీలిక ఒక చెట్టు వాసన చూడాలంటే నువ్వు కూడా ఆ చెట్టు దాకా పోవాలి. దీంతో అయితే నువ్వు బెంచీ మీద కూర్చోవచ్చు, అది మైదానం చుట్టిరావచ్చు. నేలమీద తాడు పడదు, కాళ్ళకి చుట్టుకోదు, బురదవదు. పిలవగానే వెనక్కి రావడం నేర్పడానికీ ఇదే మంచిది."

"లాభాలన్నీ చెప్పావు. మరి నష్టాలో?"

"పట్టుకునేవాళ్ళకి బుద్ధుంటే ఏ నష్టమూ లేదు," అన్నాను.

"అయితే నీకు పనికిరాదోయ్," అన్నాడు అన్నయ్య, వదినని చూసి. ముగ్గురం నవ్వాం.

నష్టాలు నాకు తెలియవా? లాగితే తాడు వస్తుందని కుక్కకి అర్థమైపోతే ఇక బతుకంతా లాగడమే. ఐదు మీటర్ల అవతల ఉన్నదాన్ని సైకిలు కింద పడకుండా ఆపలేం. పిడి చేయిజారి పడితే, గలగలమంటూ వెంటపడే ఆ డబ్బాని చూసి బెదిరి కుక్క ఊరవతల తేలుతుంది. అన్నిటికంటే ముఖ్యం, సాగుతున్న తాడుని ఒట్టి చేత్తో పట్టుకోకూడదు, కత్తిలా కోస్తుంది. షాపులో ఎవరడిగినా ఇవన్నీ చెప్పేవాణ్ణి. ఇంట్లో చెప్పలేదు. చెప్పడం మొదలుపెడితే బ్రేకు మాట ఎక్కడ నోరుజారుతుందోనని భయం.

పదిరోజులు ఏమీ కాలేదు. "నువ్వు చెప్పింది నిజమేనోయ్, మైదానంలో దీని ఆనందం చూడాలి," అని వదిన మెచ్చుకుంటే, నేనూ ఆ జారడాన్ని దాదాపు మర్చిపోయాను.

పదకొండో రోజు పొద్దున వదినని బేకరీ ఆవిడ భుజం పట్టుకుని తీసుకొచ్చింది. కుడిచేతికి బేకరీ తువ్వాలు చుట్టి ఉంది. తువ్వాలు తెలుపో ఎరుపో తెలియడం లేదు. వెనకాల పీలిక మెడకి తాడుతో, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, డబ్బాని నేలమీద లాక్కుంటూ వచ్చింది.

"పిల్లి కనపడి ఉరికింది. అటునుంచి వ్యాను వస్తోంది. నేను బటన్ నొక్కాననే అనుకున్నాను. సరిగ్గా నొక్కలేదేమో, తాడు పోతూనే ఉంది. కంగారులో చేత్తో పట్టేసుకున్నాను," అంది వదిన. నొప్పితో కాదు, తప్పుచేసిన పిల్లలా చెప్పింది.

ఆస్పత్రిలో రెండు గంటలు కుట్లు వేశారు. చూపుడువేలిని వంచే నరం తెగిందన్నాడు డాక్టరు. అతికించామనీ, మునుపటిలా వంగుతుందని మాటివ్వలేననీ చెప్పాడు. "ఈ తాళ్ళకి వేళ్ళు కోసుకుని వచ్చేవాళ్ళని చూస్తూనే ఉంటాం. పట్టుకోవద్దని పెట్టె మీద రాసే ఉంటుంది కదమ్మా," అన్నాడు.

వదిన తల దించుకుని, "మా మరిది ముందే చెప్పాడు డాక్టరుగారూ, పట్టుకునేవాళ్ళకి బుద్ధుండాలని. నాకే లేకపోయింది," అంది.

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. మందులు తెస్తానని చీటీ పట్టుకుని బయటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం మేకుకి తగిలించి ఉన్న డబ్బా తాడుని సంచిలో వేసుకుని షాపుకి తీసుకెళ్ళాను. యజమాని చెప్పినట్టు కోశాను, చెత్తలో పడేశాను. మూడో రోజు అన్నయ్య, "అదెక్కడుందిరా? కంపెనీకి రాద్దాం," అన్నాడు.

"పడేశాను. చూస్తేనే ఒళ్ళు మండింది," అన్నాను.

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పోనీలెండి, వాడేదో బాధకొద్దీ చేశాడు," అని అన్నయ్యతో అని, ఎడమచేత్తో నా తల నిమిరింది.

అప్పటికి ఒక సంగీత బృందానికి ఇరవై రెండు కోట్లు కుడుతోంది వదిన. అన్నీ కత్తిరించి పెట్టింది, తొమ్మిది పూర్తయ్యాయి. మిగతావి ఎదురు వీధిలో దర్జీకి అప్పగించాల్సివచ్చింది. ఆ మూటలు మోసుకెళ్ళింది నేనే. వదిన అతని ముందు స్టూలు మీద కూర్చుని, ఒక్కో ముక్కా ఎడమచేత్తో తీసి, "ఇతనికి కుడి భుజం కాస్త కిందికుంటుందన్నా, ఇక్కడ అరంగుళం లోపలికి పట్టండి," అని ఒక్కొక్కరి ఒళ్ళూ వివరించింది. దర్జీ మంచివాడు, అన్నీ రాసుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు, "మొద్దుని. ఇన్నేళ్ళు సూదుల మధ్య బతికి, చెయ్యి ఎక్కడ పెట్టకూడదో తెలియలేదు," అంది వదిన. దారంతా నేను వాతావరణం గురించి మాట్లాడాను.

ఇంట్లో ఆవిడకి పళ్ళు కోసి పెట్టేవాణ్ణి. జడ వేయడం రాక రబ్బరుబ్యాండు చుట్టేవాణ్ణి. ఎంత చేస్తే అంత మెచ్చుకునేది. ఎంత మెచ్చుకుంటే నేను అంత ముడుచుకుపోయేవాణ్ణి. చెప్పాలనుకుని మెట్లు దిగడం, నవ్వుతూ ఎదురొస్తే "టీ పెట్టనా వదినా" అనడం. ఇరవై ఆరు రోజులు అలాగే గడిచాయి.

ఇరవై ఆరో రోజు, ఊరి చివర ఏదో గోదాములో వాచ్‌మన్‌గా చేసే ఒకాయన కొత్త తాడు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పీలికని అతనికి ఇచ్చెయ్యాలని అన్నయ్య మాట్లాడాడట. నాకు తెలియదు. అన్నయ్య మొదట్నుంచీ కుక్కదే తప్పంటున్నాడు, వదినే అడ్డుపడుతూ వచ్చింది. ఆరోజు ఆవిడే బుట్ట పక్కన కూర్చుని పీలిక మెడపట్టీ సరిచేస్తోంది.

"నువ్వొప్పుకున్నావా వదినా?" అన్నాను.

"దాని తప్పేం లేదయ్యా. నామీద నాకే నమ్మకం పోయింది. వ్యాను ఆయన బ్రేకు వేశాడు కాబట్టి బతికింది. ఇంకోసారి నేను అలాగే చేతకానితనం చేస్తే? వాళ్ళ గోదాముకి పెద్ద ఆవరణ ఉందట, తాడే అక్కర్లేదట."

పీలిక బుట్టలోంచి లేవలేదు. వాచ్‌మన్ వంగి, "రామ్మా, రా," అని చిటికె వేశాడు.

"వదినా, నువ్వు బటన్ సరిగ్గానే నొక్కావు," అన్నాను.

"ఏమిటీ?"

"బ్రేకు పాడైంది. జారుతుంది."

అన్నయ్య నావైపు తిరిగాడు. "ఆ సంగతి నీకెలా తెలుసు?"

"ముందే తెలుసు. ఒకాయన పాడైందని వెనక్కి తెచ్చాడు. కోసి పడెయ్యమన్నారు. నేను పడెయ్యకుండా... కొత్తదానిలా పెట్టెలో పెట్టి ఇచ్చాను."

పాపం వాచ్‌మన్‌కి ఎటు చూడాలో తెలియలేదు. "నేను మళ్ళీ వస్తానండీ," అని నసిగాడు. అన్నయ్య అతన్ని కూర్చోబెట్టి, గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, "క్షమించండి, కుక్కని ఇవ్వడం లేదు," అని గేటు దాకా సాగనంపాడు. తిరిగి వచ్చి నన్ను దాటుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

వదిన తన కట్టువైపు చూసుకుంది.

"ఎన్నిసార్లకి జారేది?" అంది.

"పదిసార్లకి ఒకసారి."

"అంటే పదిసార్లు లాగి చూశావన్నమాట."

తలూపాను.

"మర్చిపోయానొదినా, ఏమీ తేలేదు అంటే నేనేమన్నా అనేదాన్నా? పోనీ, అదీ వదిలెయ్. వేలు తెగిన రోజున చెప్పినా తిట్టి ఊరుకునేదాన్ని. ఇరవై ఆరు రోజులయ్యా. నన్ను నేను తిట్టుకుంటుంటే, పక్కన కూర్చుని బొప్పాయి ముక్కలు కోసి పెట్టావు. నోట్లోకి కూడా అందించావు," అంది. గొంతు పెంచలేదు. "ఈ కుక్కని కూడా పంపించేసేదాన్ని."

కాళ్ళమీద పడబోయాను. "వద్దు, లే. అవన్నీ చెయ్యకు, చూడలేను," అంది. తర్వాత, "రేపు మీ షాపాయనకి నువ్వే చెప్పు. ఇంకొకరి నోటినుంచి పోకూడదు," అంది.

చెప్పాను. యజమాని కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "కోసెయ్యమన్నానా లేదా?" అన్నాడు, అంతే. పనిలోంచి తీసేస్తాడనుకుని నా టిఫిన్ డబ్బా కూడా సర్దుకున్నాను. తియ్యలేదు. అట్టముక్క ఒకటి, స్కెచ్ పెన్ను ఒకటి ఇచ్చి, ఆ తాళ్ళ పక్కన వేలాడదీయడానికి ఉన్నదున్నట్టు రాయమన్నాడు. "మంచీ రాయి, చెడూ రాయి. నీ చేత్తోనే రాయి," అన్నాడు.

మూడు అట్టలు పాడుచేశాను. మంచి రాయడం తేలికే: ఖాళీ మైదానంలో, చెప్పినమాట వినే చిన్న కుక్కకి, దీని అంత సుఖం లేదు. చెడు రాస్తుంటే అక్షరాలు వంకరపోయాయి. రోడ్డు మీద వాడకండి. కుక్క బరువుకి తగినది కొనండి. తాడుని ఎప్పుడూ చేత్తో పట్టుకోకండి. బ్రేకు ఒక్కసారి జారినా ఇంకోసారి వాడకండి, ఎవరికీ ఇవ్వకండి. చివరి మాట రాశాక కాసేపు గోదాములోకి పోయి నిలబడ్డాను. ఇప్పుడు ఎవరైనా అది చదివి, "మరీ భయపెడుతున్నారే, నిజంగా వేళ్ళు తెగుతాయా?" అంటే, "మా వదినకి తెగింది," అంటాను. "అయ్యో, ఎలా?" అంటారు. చెప్తాను. చెప్పాక చాలామంది ఏమీ కొనకుండా వెళ్ళిపోతారు. యజమాని ఒక్కసారి కూడా ఏమీ అనలేదు.

అన్నయ్య నాతో మూడు నెలలు మాట్లాడలేదు. మొదట మాట్లాడిన మాట, "మెట్ల దగ్గర కుళాయి కారుతోంది, చూడు." పరుగెత్తుకెళ్ళి చూశాను.

వదిన వేలు సగమే వంగుతుంది. నడిమివేలితో గుడ్డని తోయడం నేర్చుకుంటోంది. ఇదివరకు రోజులో అయ్యే పని ఇప్పుడు రెండు రోజులు పడుతుంది. నాతో మాట్లాడుతుంది, తిన్నావా అని అడుగుతుంది. కానీ నేను ఏదైనా చెప్పినప్పుడు, నమ్మేముందు ఒక్క క్షణం నా మొహంలోకి చూస్తుంది. ఆ ఒక్క క్షణం ఇదివరకు ఉండేది కాదు.

మొన్న మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తే, ముందుగదిలో సూదిలోకి దారం ఎక్కించడానికి తంటాలు పడుతోంది. దారం పట్టుకుంటే సూది జారుతోంది, సూది పట్టుకుంటే దారం. సాయం చేస్తానంటే వద్దంటుందని గుమ్మంలోనే ఆగిపోయాను. కాసేపటికి తలెత్తకుండానే సూదీ దారం నావైపు చాపింది. ఎక్కించి ఇచ్చాను. తీసుకుని ముడివేసుకుని, బొత్తాం కుట్టుకోవడంలో పడింది.

"నల్లదారం కూడా ఒకటి ఎక్కించి పెట్టు," అంది కాసేపయ్యాక.