లోపలి గడియ

అత్తగారు తనకంటే ముందే వంటింట్లోకి దూరి పొద్దుటి టిఫినుకు ఉగ్గాని చేద్దామని బొరుగులు తడుపుతుంటే హేమలతకు మొదటి అనుమానం వచ్చింది. "నువ్వు కూసోమ్మా, నేను చేస్తాండా కదా," అంది నాగలక్ష్మమ్మ. ఆఫీసుకు పోయే కోడలని జాలిపడి ఏనాడూ ఒక ఎర్రగడ్డ తరిగివ్వని మనిషి. ఆ వెనకే భర్త కేశవ కాఫీ తెచ్చి చేతికిచ్చాడు. ఇది రెండో అనుమానం.

"ఎండలు మండిపోతాండాయి హేమా. సైటు పనులు ఒప్పుకోవద్దు," అన్నాడు.

నిజమే, అనంతపురం ఎండ ఎవరినీ వదలదు. మరి ఇదే ఎండలో ఆమె బోరింగు దగ్గర్నుంచి బిందెలు మోసినప్పుడు ఈ జాలి ఏమైందో!

తొంభైల్లో రైల్వేలో ఆర్కిటెక్టుగా చేరిన నాటి నుంచి స్టేషన్లు గీసేది ఆమె, దగ్గరుండి కట్టించేది మగవాళ్లు. ఇన్నాళ్లకు గుత్తి అవతల కొత్త స్టేషన్ పని మొత్తం ఆమె చేతికిస్తామన్నారు. ఇవాళే కబురు రావాలి. అది చేజారితే ఆడవాళ్ల విశ్రాంతి గదికి ఆమె గీసిన లోపలి గడియ కూడా పోయినట్టే. "బయట తాళముంటే చాలదా?" అని మీటింగులో నవ్వారు. బిడ్డకు పాలివ్వాలన్నా, చీర సర్దుకోవాలన్నా తలుపేసుకోవాలని వాళ్లకెవరు చెప్పాలి? అంతెందుకు, ఈ ఇల్లు గీసిందీ తనే. తన డ్రాయింగు బల్ల ఉండే గదికి గడియ పెట్టమంటే, "ఇంట్లో ఎవరికి భయపడి?" అని కేశవ వడ్రంగిని వద్దన్నాడు. ఇప్పుడా గదినిండా చెనక్కాయ మూటలు, బల్లమీద ఊరగాయ జాడీలు. అడగకుండా తోసుకొచ్చేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట.

ఫోన్ మోగింది. కేశవ గబుక్కున లేచాడు గానీ ఆమే ముందు అందుకుంది. ఆఫీసు నుంచి వెంకటేశులు.

"మేడమ్, ఇప్పుడు ఒళ్లెట్లుండాది? నిన్న కేశవ సారు మన ఆఫీసు పెద్దాయనకు ఫోన్ చేసినారంట. మీకు ఎండ పడదు, సైటు వద్దు అన్నారంట. ఆ పని ఇంకొకరికి రాస్తాండారు."

కేశవ పేపరు అడ్డం పెట్టుకున్నాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. అంటే అత్తగారికీ తెలుసు.

"నాకే జబ్బూ లేదు వెంకటేశులూ. ఇప్పుడే బయల్దేరతాండా, అంతదాకా ఎవరి పేరూ రాయొద్దని చెప్పు. బజారులో మంచి గడియలు రెండు తీసిపెట్టు."

"స్టేషన్ గదికి ఒకటి చాలదా మేడమ్?"

ఆమె భర్త వైపే చూస్తూ చెప్పింది.

"రెండోది మా ఇంటికి."