పార్కు ఫోటోల్లో అమ్మ

ఆమెకి అమ్మ మొహం గుర్తులేదు. అమ్మ పోయేనాటికి తనకి మూడేళ్ళు. అమ్మ తరఫువాళ్ళు ఎవరూ లేరు. ఇంట్లో ఉన్న నాలుగు ఫోటోలూ తర్వాత వరదనీళ్ళలో నాని ముద్దయిపోయాయి. ఇక మిగిలింది ఒక్కటే ఆశ: మున్సిపల్ ఆఫీసులో పాత ఫోటోల గది. నాన్న ఆ ఆఫీసు ఫోటోగ్రాఫరు. ఊళ్ళో పార్కుని తొలి పలుగుదెబ్బ నుంచీ ఫోటోలు తీసింది ఆయనే, రోజూ క్యారియర్ పట్టుకొచ్చి ఆయన పక్కన నిలబడింది అమ్మే. ఇంకేం, ఏదో ఒక మూల పడే ఉంటుందిగా! సెలవు పెట్టి మరీ నాన్నని ఆటోలో కూర్చోబెట్టుకుని వచ్చేసింది.

గది చూసుకునే పెద్దావిడ అట్టపెట్టెలు దించింది. ముళ్ళకంపల బీడు. తవ్వుతున్న కొలను. నీళ్ళు నిండిన కొలను. ఎన్ని తిప్పినా చెట్లూ బెంచీలూ, బెంచీలూ చెట్లూ.

“ఏం సార్, మీ పార్కులోకి మనుషుల్ని రానిచ్చేవాళ్ళు కాదా?” నవ్వింది పెద్దావిడ.

“ఫోటోలో మనిషి పడితే పై ఆఫీసరు ఫోటో మొహాన కొట్టేవాడమ్మా. అందర్నీ తరిమేశాకే తీసేవాణ్ణి.”

“మరి అమ్మ?”

నాన్న ఫోటో అంచు దాటి, బల్లమీద వేలు పెట్టాడు. “ఇదుగో, ఇక్కడుండేది. పక్కకి జరగవే, నీడ పడుతోంది అని కసిరేవాణ్ణి.”

ఆమె బల్లమీద అక్కడే తన వేలూ పెట్టి చూసింది.

చివరి పెట్టె. ఆఫీసరు మారాక తీసినవి, వీటిలో మనుషులున్నారు! సగానికి వచ్చేసరికి నాన్న ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“ఇదే! ఇదే మీ అమ్మ! చూడవే తల్లీ!”

బెంచీ మీద ఒకావిడ, చూపు కెమెరా వైపే. కూతురికి ప్రాణం లేచొచ్చింది. ఆ ముక్కు నాదేనా? ఆ నుదురు? ఆత్రంగా వెతికేసుకుంది. అప్పుడు కళ్ళు వెనక్కి జారాయి. బెంచీ వెనకాల బొమ్మ రైలు.

బొమ్మ రైలు వచ్చింది తను ఒకటో తరగతిలో ఉండగా. తొలిరోజు నాన్నే ఎక్కించాడు. పిల్లలందరి పక్కనా అమ్మలున్నారని తను ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తే.

“నాన్నా... సరిగ్గా చూడు. అమ్మేనా?”

“నా పెళ్ళాన్ని నేను గుర్తుపట్టనా?” ఆ ముక్కూమొహం తెలియని మనిషి బుగ్గని బొటనవేలితో నిమురుతున్నాడు నాన్న. “ఎండలో నిలబెట్టేశానే నిన్ను...”

నాన్నా మరిచిపోయాడంటే, అమ్మ మొహం ఎరిగిన మనిషి ఇక లోకంలో ఒక్కరూ లేరు.

“పెద్దది చేయించమ్మా, హాల్లో పెడదాం,” అన్నాడు నాన్న, కళ్ళు తుడుచుకుంటూ.

“ఏ సైజు చెప్పమంటావు తల్లీ?” అడిగింది పెద్దావిడ.

ఆమె ఫోటోలో బొమ్మ రైలుని అరచేత్తో కప్పింది.