ఉతకకూడని సోమవారం

"హిల్డా, దుప్పటి కంపు కొడుతోందమ్మా" అంది అత్తగారు మంచంలోంచి. అంతే అంది. ఉతకమని మాత్రం అనలేదు. ఆ అనకపోవడం తర్వాత ఎంత పనికొచ్చిందో ఆవిడకి!

హల్ పట్నం రేవు వెనకాల ఆ వీధిలో సోమవారమంటే బట్టలుతికే రోజు. ఇంటింటా రాగి కాగు కింద బొగ్గు మండుతుంది, పెరళ్లనిండా తీగలకి చొక్కాలు ఊగుతుంటాయి. కానీ మగవాడి ఓడ బయల్దేరిన రోజున మాత్రం ఆ ఇంటి ఆడది సబ్బునీళ్లలో చెయ్యి పెట్టకూడదు. పెడితే అతన్ని సముద్రంలోకి ఉతికి పారేసినట్టేనట. అత్తగారు ఆగ్నెస్ ముప్పయ్యేళ్లు ఆ నియమం తప్పలేదు, ఆవిడ మొగుడు ముసలివాడై మంచంలోనే పోయాడు. ఇంకేం రుజువు కావాలి?

యుద్ధానికి ముందు అదేమంత కష్టం కాదు. ఓడ ఏ రోజు కదులుతుందో రేవంతటికీ తెలిసేది. ఆ ఒక్కరోజూ చేతులు ముడుచుకుని కూర్చుంటే సరిపోయేది. ఇప్పుడలా కాదే! ఫిబ్రవరిలో ఒక మంగళవారం హిల్డా మొగుడు వాల్టర్ సంచీ భుజాన వేసుకుని స్కాట్లండ్ రైలెక్కాడు. అక్కడెక్కడో ఓడలన్నీ గుంపు కట్టి, ట్యాంకులూ పిండిబస్తాలూ వేసుకుని, మంచు సముద్రం మీదుగా రష్యాకి పోతాయి. ఎప్పుడు పోతాయో ఎవరికీ చెప్పకూడదు, ఉత్తరంలో రాస్తే సర్కారువాళ్లు నల్ల సిరా పూసేస్తారు. "ఓడ ఏ రోజు కదులుతుంది?" అని హిల్డా అడిగితే, "నాకే తెలీదే పిచ్చిదానా, తెలిసినా చెప్పను" అని బుగ్గ గిల్లి వెళ్లిపోయాడు.

మరి ఉతకకూడని రోజు ఏదని తెలిసేది? అత్తగారు క్షణం కూడా తడుముకోలేదు. "వాడి దగ్గర్నించి కబురొచ్చేదాకా ఏ రోజూ ఉతకొద్దు" అని తేల్చేసింది.

"మరి స్టాన్లీ బట్టలో అత్తయ్యా?" స్టాన్లీ మరిది, రేవులో బొగ్గు దించుతాడు.

"నానబెట్టు. నానబెడితే ఉతికినట్టు కాదు."

అలా నానాయి. ఒక సోమవారం, రెండో సోమవారం. బకెట్లో నీళ్లు తారులా తయారయ్యాయి. నియమం అత్తగారిది, కంపు మాత్రం హిల్డాది. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఆమె లైఫ్ జాకెట్లు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది. గుడ్డ సంచుల్లో బూరుగుదూది కూరి, మూతి కుట్టి, నడుముకి కట్టుకునే పట్టీలు వెయ్యాలి. దూదీ చెమటా కలిసి ఏప్రాన్ అట్టకట్టుకుపోయింది. మేస్త్రీ పికరింగ్ పదిమంది ముందు ముక్కు మూసుకుని, "మీ ఇంట్లో కుళాయి పాడైందా హిల్డా?" అన్నాడు. అందరూ కిసుక్కున నవ్వారు. పైగా ఆమె పట్టీలకి రెండు వరసల కుట్టు వేస్తుందని అతనికి మహా మంట. "ఒక్క వరస చాలని ఎన్నిసార్లు చెప్పాలి? దారం చెట్లకి కాస్తోందా? అన్నీ నీ మొగుడే కట్టుకుంటాడనుకుంటున్నావా?" ఎవరో ఒకరి మొగుడు కట్టుకుంటాడుగా అని నోటి దాకా వచ్చింది. మింగేసింది. ఆ షెడ్డులో, ఆ ఇంట్లో మింగిన మాటలన్నీ పోగేస్తే ఓ ఓడకి సరిపోయే సరుకు.

మూడో సోమవారానికి ముందురోజు అత్తగారికి కడుపు చెడింది. పాపం, పెద్దావిడ, లేచి వెళ్లలేకపోయింది. దుప్పట్లూ, గౌనూ అన్నీ పాడయ్యాయి. పక్కింటివాళ్లకి తెలియకూడదని గింజుకుంది. హిల్డా ఆవిణ్ణి తుడిచి, బట్టలు మార్చి పడుకోబెట్టింది. తెల్లారేసరికి ఆ "కంపు కొడుతోందమ్మా" అన్న మాట. ఇంకేం చేస్తుంది? కాగు కింద నిప్పు వేసింది. రేషను సబ్బు ముక్క అరిగి గోరంత అయ్యేదాకా రుద్దింది, పిండింది, ఆరేసింది. షెడ్డుకి ఆలస్యమై తిట్లు తింది. ఆ రాత్రి ఉతికిన దుప్పట్లో ముడుచుకుని, "ఆహా, హాయిగా ఉంది" అంది అత్తగారు. ఎప్పుడు ఉతికావని అడగనే లేదు.

మూడు వారాలకి కంపెనీ ఉత్తరం వచ్చింది. ఓడని టార్పెడోతో ముంచేశారు, వాల్టర్ జాడ తెలియలేదు. ఏ తేదీనో రాయలేదు. తేదీతో అత్తగారికి పనేముంది? "సోమవారమే" అంది, హిల్డాకేసి చూస్తూ. "ఆ సోమవారమే వాడు బయల్దేరాడు. చెప్పాను కదా ఉతకొద్దని!"

"అవి మీ దుప్పట్లే అత్తయ్యా."

"ఉతకమన్నానా? నేనన్నానా ఆ మాట?"

అనలేదు. నిజమే. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. చేపల దుకాణం వరసలో ఆడవాళ్లు ఆమెని చూసి పక్కకి జరిగారు. స్టాన్లీ ఆమెతో మాటలు మానేశాడు, పళ్లెం మాత్రం ముందుకు తోసేవాడు. అన్నిటికన్నా పెద్ద ఘోరం ఇంకొకటుంది. హిల్డా తానే నమ్మడం మొదలుపెట్టింది. వంటింట్లో ఒంటరిగా నిలబడి తన చేతులు తనే వాసన చూసుకునేది. సబ్బు వాసన. ఇంత చిన్న చేతులు అంత పెద్ద ఓడని ముంచగలవా అని ఒక మనసు, ముంచాయేమో అని ఇంకో మనసు. పదిహేడు రోజులు అలా గడిచాయి.

పద్దెనిమిదో రోజున ఇంకో ఉత్తరం. వాల్టర్ బతికే ఉన్నాడు, రష్యాలో మూర్మాన్స్క్ ఆసుపత్రిలో ఉన్నాడు. "నా ప్రార్థన!" అని అత్తగారు మోకాళ్ల మీద కూలబడింది. హిల్డా పెరట్లో మరుగుదొడ్డి తలుపేసుకుని, నోట్లో కొంగులా ఏప్రాన్ కుక్కుకుని ఏడ్చింది.

జులైలో ఇంటికొచ్చాడు, ఎడమ పాదానికి మూడు వేళ్లు పోయి. టీ తాగుతూ చెప్పాడు. రెయిలింగుల మీద పేరుకున్న మంచుని గొడ్డళ్లతో కొడుతుండగా ఓడకి టార్పెడో తగిలిందట. నీళ్లలో పడ్డాక చలికి తన చేతులు తనవి కాకుండా పోయాయట. "తెప్ప మీదవాళ్లు నా లైఫ్ జాకెట్ పట్టీ పట్టి లాగారు. పక్కవాడి పట్టీ ఊడొచ్చింది, వాడు పోయాడు. నాది తెగలేదు. రెండు వరసల కుట్టు" అన్నాడు.

హిల్డా చేతిలో కెటిల్ ఆగిపోయింది. అది తన కుట్టే అనుకునేంత వెర్రిది కాదామె. దేశంలో ఎన్ని షెడ్లు, ఎంతమంది ఆడవాళ్లు! కానీ ఎవరో ఒకామె, దారం గురించి తిట్లు తింటూ వేసిన కుట్టు అది. ఆ మాట చెబుదామని నోరు తెరిచింది.

"అమ్మ చెప్పింది" అన్నాడు వాల్టర్, కప్పులోకి చూస్తూ. "ఆ సోమవారం ఉతికావటగా. ఎందుకు చేశావే ఆ పని?"

నవ్వుతాడేమోనని ఎదురుచూసింది. నవ్వలేదు. ఓడ మునిగిందేమో తన సబ్బు నురగకి, అతను తేలిందేమో వాళ్లమ్మ ప్రార్థనకి! చెబుదామనుకున్న మాట కెటిల్‌తో పాటు పొయ్యి మీద పెట్టేసింది.

సెప్టెంబరులో అతనికి మళ్లీ పిలుపొచ్చింది. "ఈసారైనా కాస్త జాగ్రత్తగా ఉండు" అన్నాడు గుమ్మంలో.

"ఏ రోజు కదులుతుంది ఓడ?"

"చెప్పకూడదని తెలుసుగా."

"తెలుసు" అంది హిల్డా.

సోమవారం పొద్దున ఆమె కాగు కింద నిప్పు వెయ్యలేదు. స్టాన్లీ బొగ్గు ప్యాంట్లూ, అత్తగారి దుప్పట్లూ, వాల్టర్ వదిలిపోయిన చొక్కాలూ మూలన కుప్పగా ఉన్నాయి. మిగిలిన ఒక్క సబ్బు ముక్కనీ కాగితంలో చుట్టి, తన ఏప్రాన్‌తో పాటు చేతిసంచీలో వేసుకుంది. షెడ్డు దగ్గర కుళాయి ఉంది.

"ఇంకా మొదలెట్టలేదేం?" అంది అత్తగారు. "కబురొచ్చేదాకా ఆగుదామంటావా?"

"కబురొచ్చాక కూడా ఉతకను అత్తయ్యా. ఓడలు ఎప్పుడు కదులుతాయో నాకెవరూ చెప్పరు కదా, ఎవరి కొడుకుని ముంచేస్తానో ఏమో."

"యుద్ధం అయ్యేదాకానా?" ఆవిడ కీచుగా అరిచింది.

హిల్డా కోటు బొత్తాలు పెట్టుకుంది. "యుద్ధం అయ్యాక కూడా ఓడలు బయల్దేరుతూనే ఉంటాయిగా" అని తలుపు దగ్గరగా వేసి పనికి వెళ్లిపోయింది.