గుయ్యిమన్న హాలు

పాల్మాకులలో తాను కట్టిన ఇంటికి వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదని కుర్మయ్యకు గట్టి నమ్మకం. రెండువేల పదకొండులో గృహప్రవేశం చేసిన నాటి నుంచి, దారిన పోయేవాళ్లను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మరీ గడప నుంచి డాబా దాకా తిప్పి చూపించేవాడు. వాళ్లు మెచ్చుకోకపోతే తనే మెచ్చుకునేవాడు. ఏం చేస్తాం, మనిషి అలాంటివాడు.

ఇంటికన్నా ఎక్కువ మురిపెం కొడుకుల మీద. పెద్దవాడు శివశంకర్‌కు ఎయిర్‌పోర్టు కార్గోలో కంప్యూటర్ ముందు కొలువు. చిన్నవాడు మల్లేశ్వర్ అదే ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. ఇద్దరూ కలిసి హాల్లో చిన్నపాటి టాకీసే పెట్టారు. కంప్యూటర్, టీవీ అన్నయ్యవి. ఆంప్లిఫైయర్, స్పీకర్లు తమ్ముడివి. ఆదివారం చుట్టాలకు దావత్. తిన్నాక అందరినీ చాపల మీద కూర్చోబెట్టి సినిమా వేయాలి, "నా కొడుకులు కలిసి పెట్టిండ్రు" అని నలుగురిలో చెప్పుకోవాలి. కుర్మయ్య ఆశంతా దాని మీదే.

శనివారం పొద్దున స్విచ్ వేస్తే పాట కన్నా ముందు గుయ్యిమని మోత, తేనెతుట్టెను కదిపినట్టు. పాట ఆపినా మోత ఆగదు.

"నీ డబ్బానే ఖరాబున్నదన్నా," అన్నాడు మల్లేశ్వర్.

"నా దాంట్ల ఏం లేదురా. జర ఇను," అని శివశంకర్ ఇయర్‌ఫోన్లు కంప్యూటర్‌కు గుచ్చి తమ్ముడి చెవిలో పెట్టాడు. పాట తేటగా వినబడింది. మల్లేశ్వర్ ఊరుకుంటాడా? కంప్యూటర్ నుంచి వచ్చే వైరు పీకేసి, తన సెల్‌ఫోన్‌ను ఆంప్లిఫైయర్‌కు తగిలించాడు. అదీ అంతే తేటగా పాడింది.

"దేనికదే మంచిగున్నయ్, కలిపితెనే లొల్లి," అంది వాళ్ల తల్లి రాములమ్మ వంటింటి గడపలోంచి. "అచ్చం మీ బాపు, మీ చిన్నాయిన లెక్కనే."

కుర్మయ్యకు చురుక్కుమంది. భార్య అన్నందుకు కాదు, ఆ మాట నిజమైనందుకు.

వైర్లు మార్చి చూశారు. మోత అలాగే ఉంది. మల్లేశ్వర్ ఓపిక చచ్చి, ఆంప్లిఫైయర్ ప్లగ్గు పీకి కటింగ్ ప్లేయర్ తీశాడు. "ఈ మూడో పిన్ను ఇరగ్గొడితె పోతదంట. మా అడ్డా మీద చెప్పిండ్రు."

"ఏయ్, ఆగు మల్లేశ్!" పెద్దకోడలు ప్రేమలత అడ్డంపడింది. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసిన పిల్ల. "అది ఎర్తు పిన్ను. ఇరగ్గొడితె మోత పోతదేమో గని, డబ్బాకు కరెంటొస్తె పోయేది పానం."

"మరేం జేయమంటవ్ వదినా? రేపు అందరి ముంగట ఇజ్జత్ పోవాల్నా? ఇగ వద్దు. నాది నేను నా అర్రల వేరే పెట్టుకుంట. అన్నది అన్న వేరే పెట్టుకుంటడు."

వేరే! ఆ మాట కుర్మయ్యకు కొత్త కాదు. ఒకప్పుడు తనూ తమ్ముడు బుచ్చయ్యా ఒకే ఇంట్లో, ఒకే మీటరు మీద ఉండేవాళ్లు. ఎవరి బల్బు ఎంతసేపు వెలిగిందని మొదలైన మాట, మాటా మాటా పెరిగి, వాకిట్లో గోడ లేచేదాకా పోయింది. ఇన్నేళ్లయినా అన్నదమ్ముల మధ్య ముక్తసరి పలకరింపులే.

ఈలోగా ప్రేమలత ఆ గోడా ఈ గోడా చూసింది. కంప్యూటర్ తూర్పు గోడ ప్లగ్గులో ఉంది, ఆంప్లిఫైయర్ పడమటి గోడ ప్లగ్గులో ఉంది.

"మామా, ఈ రెండు గోడలకు కరెంటు ఒక్క మీటరుకెళ్లే వస్తదా?"

కుర్మయ్య మీసం దువ్వాడు. "ఒక్కటెట్లుంటది బిడ్డా? తూర్పు పెద్దోనిది, పడమర చిన్నోనిది. రేపు ఏరువడ్డా పంచాయితి ఉండొద్దని హాలు గూడ సగం సగం జేసి రెండు మీటర్లు, రెండు ఎర్తు గుంతలు పెట్టిచ్చిన. ఉప్పు, బొగ్గు దగ్గరుండి పోపిచ్చిన. ఊర్లె ఎవనికన్న వచ్చిందా గీ ఆలోచన?"

"మోత గాడికెళ్లే వస్తున్నది మామా. రెండు గుంతలు ఒక్క తీరుగుండయ్. ఈ పాట వైరు రెండిటిని కలుపుతున్నది. ఆ తేడా కరెంటంత దీంట్లకెళ్లి పారి స్పీకర్లల్ల మోగుతున్నది. అన్ని ఒక్క గోడకే పెడితె సరి."

పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి, కంప్యూటర్, టీవీ ప్లగ్గులను పడమటి గోడకు మార్చి స్విచ్ వేసింది. చప్పుడే లేదు. ఇంకా వేయలేదేమో అనుకున్నారు అందరూ. పాట మొదలయ్యాక మల్లేశ్వర్ ఎగిరి గంతేశాడు.

కుర్మయ్య మాత్రం నవ్వలేకపోయాడు. ఊరంతా టాంటాం వేసుకున్న తెలివి కాస్తా బెడిసికొట్టింది. కొడుకులు వేరుపడక ముందే తండ్రి తనే వాళ్లను వేరుచేసి పెట్టాడు! పైగా ఇప్పుడు భారమంతా చిన్నవాడి మీటరు మీదే. ఇవాళ కాకపోతే రేపు మాట రాక తప్పదు. తనకు తెలియని కథా?

రేపటి దాకా ఎందుకు, అప్పుడే వచ్చింది.

"తియ్యిరా, అన్ని నా దిక్కు పెడుదం," అన్నాడు శివశంకర్.

"నీ దిక్కెందుకు? నా దాన్లనే ఉండనీ."

"పెద్దోన్ని నేనుండంగ బిల్లు నీ మీద ఏస్తనా?"

"పెద్దోనివైతె కూసోని సినిమా జూడు. ప్లగ్గు ముట్టుకున్నవనుకో, మంచిగుండదు చెప్తున్న!"

అన్న బోర్డు లాగాడు. తమ్ముడు వదల్లేదు. గొంతులు లేచాయి. రాములమ్మ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏందయ్యా, పోరగాండ్లు కొట్లాడుతుంటె గట్ల గుడ్లప్పగిచ్చి జూస్తున్నవ్? ఆపరాదు!"

కుర్మయ్య కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకున్నాడు. కళ్లలో నీళ్లు నిండాయి. తుడుచుకోలేదు.

"ఎందుకాపాలె? గిసొంటి కొట్లాట జూడాల్నంటె పెట్టి పుట్టాలె. నువ్వు గూడ కూసో, కండ్లార జూడు."