అప్పగించిన చెయ్యి

పదేళ్ల తర్వాత ఊరు ఎలా ఉండాలో తేల్చుకోవడానికి పెట్టుకున్న సభల్లో ఒక పద్ధతి ఉండేది. రాలేనివాళ్లు తమ చెయ్యిని వచ్చేవాళ్లకు అప్పగించేవారు. ఎవరైనా రెండు చేతులెత్తితే ఒకటి తమది, రెండోది రానివాళ్లది. సంతకాలూ సాక్ష్యాలూ లేవు. నమ్మకమే లెక్క.

ఆ రోజు పెద్దకోడలు తోడికోడలి చెయ్యి కూడా పట్టుకెళ్లింది.

“ఆసుపత్రి దుప్పట్లు సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలక్కా. రోడ్డు మా సందులోంచి వద్దని నా చెయ్యి నువ్వెత్తు. ఇంకెవరికిచ్చినా సభలో నిద్దరోతారు,” అంది చిన్నకోడలు, ఇస్త్రీపెట్టె ఆపకుండా.

“నేను మాత్రం నిద్దరోననా?”

“నువ్వు నిద్దరోతే గురక ఇక్కడిదాకా వినపడుతుందిలే.”

సభ గదిలో బల్లలు కలిపి ఊరి పటం పరిచారు. అంచులు లేవకుండా టీ కప్పులు పెట్టారు. అంబులెన్సు సందుల్లో ఇరుక్కుపోతోంది కాబట్టి బస్టాండు నుంచి ఆసుపత్రికి కొత్త రోడ్డు కావాలి. దానికి రెండు దారులు, పటం మీద రెండు రంగుల దారాలు. నీలం దారం వెనక సందులో చిన్నకోడలి ఇస్త్రీ షెడ్డు మీదుగా పోతోంది. ఎర్ర దారం పెద్దవీధి మీదుగా వెళ్తూ పెద్దకోడలి కుట్టుమిషన్ల కొట్టును సగం కొరికేస్తోంది. ఆ సంగతి ఆమెకు పటం చూశాకే తెలిసింది.

“నీలం దారి కావాలనేవాళ్లు చేతులెత్తండి,” అన్నారు గంట మాస్టారు. మాట్లాడే ముందు కప్పు మీద చెంచాతో టంగుమనిపించడం ఆయన అలవాటు. ఆ పేరు అలా వచ్చింది.

పెద్దకోడలు కుడి చెయ్యి ఎత్తింది. అది ఆమెది, ఆమె ఇష్టం. ఎడమది మాత్రం ఎర్ర దారి వంతు వచ్చేదాకా ఒళ్లో ఉండాలి. అప్పుడెత్తితే ఒకటికొకటి చెల్లు, మొదటి చెయ్యి ఎత్తీ ఎత్తనట్టే. కొట్టు కళ్లముందు మెదిలింది. ఎడమ చెయ్యి కూడా లేచింది.

నీలం దారి బొటాబొటిగా గెలిచింది.

బయటికి వస్తుంటే మాస్టారు ఎదురొచ్చారు. “మీ తోడికోడలిది పెద్ద మనసమ్మా. షెడ్డు పోతుందని తెలిసి కూడా సరేనంది.”

“అవునండీ,” అంది. చెయ్యెత్తడం కంటే ఆ ఒక్క మాటే ఆమెను ఎక్కువ కాల్చుకుతింది.

మర్నాడు షెడ్డుకు వెళ్లేసరికి చిన్నకోడలే ఓదార్చింది. “ఓడిపోయామటగా. మన రెండు చేతులూ చాల్లేదు, ఏం చేస్తాం? మొహం అలా పెట్టకు, నీ వంతు నువ్వు చేశావు. ఆదివారం ఖాయం చేస్తారట. అప్పుడూ నా చెయ్యి నీకే.”

“నాకివ్వకు.”

“ఏం, బరువైందా?”

“నీలం దారికే ఎత్తానే. నీది కూడా. నా కొట్టు పోతుందని. నువ్వే ఒప్పుకున్నావని మాస్టారితో కూడా అన్నాను.”

చిన్నకోడలు ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. దుప్పటి మడత విప్పి మళ్లీ సరిచేసింది.

“నా కొట్టు కూడా పోతోందే అని వచ్చి చెప్పాల్సింది. ఇద్దరం కూర్చుని ఏడ్చేవాళ్లం.”

“సభలో లేచి చెప్పేస్తాను.”

“చెప్పు. నేను చెబితే తోడికోడళ్ల తగువంటారు.”

ఆదివారం చిన్నకోడలు కిటికీ పక్కన కూర్చుంది. పక్క కుర్చీ తోడికోడలి కోసం ఆపలేదు. పెద్దకోడలు లేచి, దాచకుండా, కొట్టు సంగతితో సహా చెప్పేసింది. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వెనక నుంచి ఎవరో, “అయితే మా చేతులు ఎటు లేచాయో!” అన్నారు. నవ్వు మొదలై సగంలోనే ఆగిపోయింది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మాస్టారు చెంచా కిందపెట్టేశారు. “ఇకమీదట వచ్చినవాళ్ల చేతులే లెక్క. మళ్లీ ఎత్తండి.”

ఎర్ర దారి గెలిచింది. పెద్దకోడలు ఎటూ ఎత్తలేదు. చిన్నకోడలు గట్టిగా ఊపిరి వదిలింది కానీ ఇటు చూడలేదు.

అప్పుడు సైకిళ్లు బాగుచేసే అతను లేచాడు. అతని తండ్రి మంచం పట్టి ఏళ్లయింది.

“మరి మా నాన్న మాటేంటి మాస్టారూ? ప్రతి సభకీ చెయ్యి ఇచ్చి పంపిస్తాడు. ఇంటికెళ్లగానే, నా చెయ్యి ఎటు ఎత్తావురా అని అడుగుతాడు. ఇవాళ ఏం చెప్పమంటారు?”

గదిలో అందరూ పెద్దకోడలి వైపు తిరిగారు.

“నేనొచ్చి చెప్తాను బాబూ,” అంది ఆమె, చెప్పుల కోసం వెతుక్కుంటూ. “ఆయన చెయ్యి పోయింది నా వల్ల కదా.”