పాస్టరు గారు ప్రార్థనలో ఉన్నారు

పాస్టరు గారికి నవలల పిచ్చి ఉందని ఆయన భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. అన్ని నవలలూ కాదు. ఒక చిన్న ఊళ్ళో ఉండే ముసలి పాస్టరు కథలు, వరసగా పదకొండు పుస్తకాలు. వాటిలో పెద్దగా ఏమీ జరగదు. చర్చి గంట తాడు తెగుతుంది. పాటల జట్టులో అక్కాచెల్లెళ్ళు అలుగుతారు. ఎవరికో జబ్బు చేస్తుంది. ముసలి పాస్టరు వెళ్ళి ఒక్క మాట అంటాడు, అంతా సర్దుకుంటుంది. ఆ ఊళ్ళో ఎవరి కష్టమూ పాతిక పేజీలు దాటదు.

ఈయనకు నచ్చింది అదే. రోగి పక్కన కూర్చుంటే ఈయనకు సరైన మాట ఒక్కటీ తోచదు. ఎండల గురించి మాట్లాడి, ప్రార్థన చేసి, బయటపడతారు.

ఆ గురువారం మధ్యాహ్నం తొమ్మిదో పుస్తకం సగంలో ఉండగా వాకిట్లో అలికిడైంది. పరదా సందులోంచి చూస్తే టైపు మాష్టారు. టైపు నేర్పడం మానేసి పదిహేనేళ్ళయినా ఆ పేరు మాత్రం మిగిలిపోయింది. ఆయన కూర్చుంటే గంటన్నరకు గాని లేవరు.

“ప్రార్థనలో ఉన్నానని చెప్పు,” అన్నారు భార్యతో, గొంతు తగ్గించి.

“నాచేత అబద్ధమాడిస్తారా?”

“ఈ ఒక్క అధ్యాయం. తర్వాత నేనే వాళ్ళింటికి వెళ్తాలే.”

ఆమె వెళ్ళి చెప్పింది.

“అయ్యో, కదిలించకండమ్మా,” మాష్టారి గొంతు లోపలికి వినిపించింది. “రేపు పొద్దున మా ఆవిడకి ఆపరేషన్. సాయంత్రం ఆస్పత్రిలో చేరాలి. భయపడుతోంది. కాసేపు పక్కన కూర్చుంటారేమోనని వచ్చాను. పర్లేదు, ఆ ప్రార్థనలోనే తననీ తలుచుకోమనండి.”

పాస్టరు గారు కుర్చీలోంచి లేచారు. ఇప్పుడు బయటికి వెళితే బండారం బయటపడుతుంది. మళ్ళీ కూర్చున్నారు. గేటు ఎప్పుడు పడిందో కూడా వినిపించలేదు. పుస్తకంలో ముసలి పాస్టరు జోరువానలో చెప్పులు కుట్టే అతని ఇంటికి నడిచి వెళ్తున్నాడు. చదువుతుంటే ఈయన కళ్ళు చెమర్చాయి.

భార్య గుమ్మంలో నిలబడి చూసింది.

“పుస్తకంలో వాళ్ళ కోసం ఏడుస్తున్నారా?”

ఆయనకు తల కొట్టేసినట్టయింది. చొక్కా మార్చుకుని వెళ్ళేసరికి మాష్టారింటికి తాళం వేసి ఉంది. అటునుంచటే ఆస్పత్రికి వెళ్ళారు.

ఆడవాళ్ళ వార్డులో మాష్టారు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. “మీ ప్రార్థన ఫలించింది పాస్టరు గారూ! నాలుగు రోజులుగా కన్ను మూయని మనిషి, ఇవాళ నేను మీ ఇంటినుంచి తిరిగొచ్చేసరికి హాయిగా నిద్రపోతూ కనిపించింది.”

పక్క మంచాలవాళ్ళు కూడా తిరిగి చూశారు. తల ఊపితే చాలు. ఊపబోయారు కూడా.

“నేను ప్రార్థన చెయ్యలేదు మాష్టారూ. నవల చదువుతున్నాను. మీరొచ్చారని తెలిసే అలా చెప్పించాను.”

మాష్టారు చేతులు వదిలేశారు.

“మీకు భంగం కలుగుతుందని, గేటు చప్పుడు కాకుండా వేసి వచ్చానండీ,” అన్నారు.

మంచం మీదనుంచి మాష్టారి భార్య అడిగింది: “ఏం నవల?”

“చిన్న ఊళ్ళో ఒక పాస్టరు కథమ్మా.”

“మంచివాడా?”

“చాలా మంచివాడు.”

“అయితే ఆ కథే చెప్పండి. పొద్దుట్నుంచీ అందరూ ఆపరేషన్ మాటే. చెవులు చిల్లులు పడ్డాయి.”

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. అక్కాచెల్లెళ్ళ అలక చెబుతుంటే ఆమె రెండుసార్లు నవ్వింది. మాష్టారు మాత్రం వరండాలోకి వెళ్ళి, కిటికీకి వీపు ఆనించి నిలబడ్డారు. కథ అయ్యేదాకా లోపలికి రాలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాతి ఆదివారం మాష్టారు చర్చికి వచ్చి వెనక బెంచీలో కూర్చుని, ఆఖరి పాట కాకముందే వెళ్ళిపోయారు. మూడో ఆదివారం గుమ్మం దగ్గర ఆగారు.

“మా ఆవిడ మిగతా కథ అడుగుతోంది,” అన్నారు గోడవైపు చూస్తూ. “మీరు శ్రమపడి రానక్కర్లేదు. పుస్తకమిస్తే చాలు.”

పాస్టరు గారు తలెత్తలేకపోయారు. మర్నాడు పుస్తకం పట్టుకుని తనే వెళ్ళారు. మాష్టారు తలుపు తీసి, భార్య మంచం పక్కన కుర్చీ చూపించి, పెరట్లోకి వెళ్ళిపోయారు.